పరదా అవతలి బీరపాదు

1978 జూన్‌లో, మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో, నన్ను హైదరాబాదు పాతబస్తీలో పెరటి తోటల పథకానికి ఉద్యాన సహాయకుడిగా వేశారు. మా శాఖలో అది కింది నుంచి రెండో మెట్టు. నా కింద విత్తనాల పొట్లాలు కట్టే అటెండరు ఒక్కడు, నా మీద జిల్లా ఉద్యాన అధికారి, ఆయన మీద మిగతా ప్రపంచమంతా. నాతో పాటు ఉద్యోగంలో చేరినవాళ్లకు మామిడి తోటలు, ద్రాక్ష తోటలు దొరికాయి. నాకు లాల్‌దర్వాజాలో ఒక అద్దె గది, బీరువా నిండా విత్తనాలు దొరికాయి. "పాతబస్తీల తోటలేడున్నయిరా, చార్మినార్ మీద పెంచుతవా?" అని స్నేహితులు ఆటపట్టించారు. పైకి నవ్వేవాణ్ణి గానీ లోపల ఉడుకుమోతుతనంగానే ఉండేది.

పని చెప్పుకోవడానికి సులువే. ఇంట్లో కాస్త మట్టి నేల ఉన్నా, డాబా మీద ఎండ తగిలే మూల ఉన్నా, ఏ కాలానికి ఆ కాలం విత్తనాల పొట్లం ఇవ్వడం, ఇంటికి వెళ్లి చూసి సలహా చెప్పడం. వానాకాలం పొట్లంలో బీర, సొర, బెండ, చిక్కుడు ఉండేవి. చలికాలం పొట్లంలో టమాటా, వంగ, పాలకూర, మెంతి, కొత్తిమీర. ఎండాకాలానికి తోటకూర, గోంగూర.

ప్రశ్నలు కూడా కాలాన్ని బట్టే వచ్చేవి. వానలు మొదలవగానే నారు ఎందుకు కుళ్లిందని అడిగేవారు. కిరోసిన్ డబ్బాలో మొక్క పెట్టి అడుగున చిల్లు పెట్టకపోతే అదే జరుగుతుంది. చలికాలంలో కొత్తిమీర ఎందుకు మొలవలేదని అడిగేవారు. ధనియాలను అరిచేత్తో నలిపి రెండు పప్పులు చేసి చల్లాలని చెప్పేవాణ్ణి. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం నీళ్లు పోసి, మొక్క ఎందుకు వాడిందని అడిగేవారు. ఇక ఏడాది పొడుగునా వచ్చే ప్రశ్న ఆకులు పసుపుబారడం గురించి. పాతబస్తీ నేల కింద కూలిన గోడల గచ్చు, సున్నం, ఇటుక ముక్కలు ఉంటాయి. సున్నం ఎక్కువైన మట్టిలో మొక్కకు ఇనుము అందదు. ఆకంతా పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. బాగా చివికిన పశువుల ఎరువు వేసి, ఇనుము ఉండే అన్నభేది ఉప్పు కలిపిన నీళ్లు చల్లితే తేరుకుంటాయి. అన్నభేది అంటే బజారులో ఎవరికీ తెలియదు, హీరాకసీస్ అంటే మాత్రం ఏ పచారీ కొట్టువాడైనా పొట్లం కట్టి ఇస్తాడు.

ఇంతవరకూ కాలేజీలో చదివినదే. చదవనిది ఒకటి ఎదురైంది. మట్టి నేల మిగిలి ఉన్న ఇళ్లు చాలావరకు పరదా పాటించే ముస్లిం కుటుంబాలవి. ఆ నేల ఇంటి నడుమ ఉండేది. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం కనబడే ఆ ఖాళీ స్థలాన్ని సహన్ అంటారు. మొక్కలు పెంచేది ఆడవాళ్లు. నేను లోపలికి పోకూడదు, వాళ్లు బయటికి రారు. అందుకని వాళ్ల ప్రశ్నలను మగవాళ్లు మోసుకొచ్చేవారు. ఆ మోతలో ప్రశ్న సగం కింద పడిపోయేది.

"చెట్టు ఖరాబైంది సార్" అనేవాడొక పెద్దమనిషి.

"ఏ చెట్టు?"

"గదే, పచ్చగ ఉంటది."

ఇలాంటి వాటికి నేనేం మందు రాయను? కొన్నాళ్లు ఓపిక పట్టి, ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. వీధి తలుపుకూ సహన్‌కూ మధ్య దేవిడీ అని ఒక కప్పున్న గది ఉంటుంది, వచ్చిన అతిథులను కూర్చోబెట్టేది అక్కడే. అందులో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. లోపలి గుమ్మానికి పరదా వేలాడేది. ఇంటి మగమనిషి నా పక్కన ఉండగా, ఆడవాళ్లు పరదా వెనుక నుంచి నేరుగా అడిగేవారు. ఆకో కాయో చూడవలసి వస్తే పళ్లెంలో పెట్టి పరదా కింద నుంచి జరిపేవారు. మొదట మొక్కను, తర్వాత మట్టిని, చివర ఆకును చూడాలని మాకు నేర్పారు. నేను మొదట గొంతు వినేవాణ్ణి, తర్వాత ఆకు చూసేవాణ్ణి, మొక్కను ఎప్పుడూ చూసేవాణ్ణి కాదు. మా అధికారి గారికి ఈ పద్ధతి చెబితే, ఇది ఉద్యానశాస్త్రమా, సోది చెప్పడమా అని అడిగారు. వద్దని మాత్రం అనలేదు.

ఆ ఆగస్టులో రహమత్ భాయ్ అనే లక్క గాజుల పనివాడు ఆఫీసుకు వచ్చాడు. దబీర్‌పురాలో, రైలు స్టేషన్ వెనుక గల్లీలో ఇల్లు. చిన్నతనం భువనగిరి వైపు గడిచిందట, తెలుగు మనలాగే మాట్లాడేవాడు. జూన్‌లో తన అక్క కోసం బీర గింజలు తీసుకుపోయాడు. ఆమె భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి ఉంటోంది. ఆయన ఆమెను ఆపా అనేవాడు, నేనూ అలాగే అనడం నేర్చుకున్నాను.

"తీగ మస్తు పారింది సార్, పూలు గూడ మస్తు. కాయ మాత్రం ఒక్కటి నిలుస్తలేదు" అన్నాడు. సరే, వచ్చి చూస్తానన్నాను. ఆయన కదల్లేదు. కాస్త గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. గాజులు చేసే గది అద్దెది, యజమాని ఖాళీ చేయమంటున్నాడు. పెళ్లిళ్ల కాలం వస్తోంది, కార్ఖానా నడవాలి. సహన్‌లో షాబాదు బండలు పరిచి, పైన రేకులు వేసుకుంటే పని సాగుతుంది. ఆపా ఒప్పుకోవడం లేదు.

"మీరొచ్చి, ఈ జమీన్ల కాయ గాయదు అని ఒక్క మాట చెప్పుండ్రి. నేను జెప్తే ఇంటలేదు. సర్కారోళ్లు జెప్తే ఇంటది."

ఉద్యోగంలో మొక్కను బతికించమని అడిగినవాళ్లే గానీ, బతకదని చెప్పి పొమ్మని అడిగినవాణ్ణి అదే చూడటం. కోపం రావాలి గానీ రాలేదు. మనిషి కపటి కాదు. అక్క మీద ఆయనకు ప్రేమ ఉంది. "ఆ నాలుగు మొక్కలే ఆమె దునియా సార్, నాకు తెల్వదా? గానీ ఇల్లు గడవాలె గదా" అని తనే అన్నాడు. వెళ్లి చూశాక ఉన్నమాట చెబుతానన్నాను. ఆయన దానికే సంతోషించాడు.

దేవిడీ గోడకు రేకులు అప్పటికే ఆనించి ఉన్నాయి. వాటి పక్కనే నా కుర్చీ వేశారు. పరదా వెనుక నుంచి సలాం చెప్పిన గొంతు నెమ్మదిగా, కొంచెం బొంగురుగా ఉంది. ఎండ ఎంతసేపు ఉంటుందని అడిగాను. పొద్దెక్కినప్పటి నుంచి మూడో జాము దాకా ఉంటుందన్నది. నీళ్లు వేరు దగ్గర పోస్తోంది, ఎరువు జూన్‌లోనే వేసింది, మట్టిలోని గచ్చు ముక్కలను తన చేతులతో ఏరి పారేసింది. ఒక్కటంటే ఒక్కటి తప్పు జవాబు లేదు. ఆకు పంపమన్నాను.

పింగాణీ పళ్లెంలో, అల్లిక పని చేసిన గుడ్డ కప్పి పంపింది. గుడ్డ తీస్తే ఆకులు నిగనిగలాడుతున్నాయి. వేలు పెట్టి చూస్తే తడిగా ఉన్నాయి. శుభ్రంగా కడిగి, తుడిచి పంపారు. పేనుబంక ఉన్నా, తెగులు పొడి ఉన్నా, పురుగు గుడ్లు ఉన్నా, అన్నీ ఆ నీళ్లతోనే పోయి ఉంటాయి. కడగకుండా పంపమన్నాను. రహమత్ భాయ్ ఇబ్బందిగా నా వైపు వంగాడు.

"ఇంటికొచ్చిన మెహమాన్‌కు మట్టి ఆకు ఎట్ల ఇస్తం సార్?"

జబ్బు చూడవచ్చిన డాక్టరు ముందు ముఖానికి పౌడరు రాసుకుని కూర్చుంటే ఆయనకేం తెలుస్తుందని అడిగాను. పరదా వెనుక చిన్నగా నవ్వు వినిపించింది. రెండోసారి వచ్చిన పళ్లెంలో ఆకులు దుమ్ముతో సహా ఉన్నాయి. గుడ్డ మాత్రం కప్పే ఉంది. తిప్పి తిప్పి చూశాను, తెగులు లేదు. రాలిన పిందెలు కొన్ని పంపింది. బీరలో కాయతొలిచే ఈగ పొడిస్తే పిందె మీద జిగురు కారిన చుక్క కనబడుతుంది, కోస్తే లోపల పురుగు ఉంటుంది. అవి కొన నుంచి పసుపురంగు తిరిగి ముడుచుకున్నాయి తప్ప చుక్క లేదు. చాకుతో చీల్చితే పురుగూ లేదు, గింజ కట్టిన జాడా లేదు.

అంటే పిందె మీద పుప్పొడి పడలేదు. బీర తీగకు రెండు రకాల పూలు పూస్తాయి. గుత్తులుగా వచ్చేవి మగపూలు. కింద వేలెడు పిందెతో ఒంటరిగా వచ్చేది ఆడపువ్వు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు మీదికి తేనెటీగో మరో పురుగో మోయాలి. మోయకపోతే పిందె రాలిపోతుంది. తేనెటీగలు వస్తున్నాయా అని అడిగాను. పొద్దున పుదీనా పూల మీద రోజూ వాలుతాయని జవాబు వచ్చింది. అవి వస్తుంటే పుప్పొడి ఎందుకు పడటం లేదో మరి.

"ఏమంటరు సార్? జమీన్‌దే గదా తప్పు?" అన్నాడు రహమత్ భాయ్.

ఇంకా చూడాలన్నాను. ఆయన ముఖం వాడింది. వానలు వెనుకబట్టగానే బండలు పరిచేవాడు వస్తాడని, ఆ లోపు ఏదో ఒకటి తేల్చమని అన్నాడు. నేను లేచి చెప్పులు వేసుకుంటుండగా ఆపా గొంతు వినిపించింది. "భాయ్‌సాబ్, కాయదంటె కాయదనే చెప్పుండ్రి. గానీ ఎందుకు గాయదో గది గూడ చెప్పుండ్రి. ఉత్తగ నా చెయ్యి మంచిది కాదంటె నేను మానుకోను."

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. భర్త పోయిన మనిషి చెయ్యి గురించి గల్లీలో ఎవరో ఏదో అని ఉంటారు. ఇక అది బండలకూ రేకులకూ సంబంధించిన విషయం మాత్రమే కాదని నాకు అర్థమైంది.

తర్వాత రెండు మూడుసార్లు వెళ్లాను. అన్నీ ఉదయం పూటే, ఆఫీసు పనివేళలు అలాంటివి. ఏమీ తేలలేదు. ఒకనాడు చార్మినార్ దగ్గర మొక్కల కుండీల బేరం ఆలస్యమై, సాయంత్రం వేళ దబీర్‌పురా మీదుగా వస్తూ ఆ ఇంటి తలుపు తట్టాను. రహమత్ భాయ్ చాయ్ తెప్పించాడు. చాయ్ తాగుతుండగా లోపల ఇనుప రింగులు కమ్మీ మీద జారిన చప్పుడైంది. పరదా అంచు కింద నుంచి దేవిడీలో పడుతున్న వెలుతురు ఒక్కసారిగా తగ్గింది. పొద్దింకా గుంకలేదు. ఏమిటది అని అడిగాను.

"చాదర్ సార్. పక్కింటోళ్లు పోయినేడు మీద అంతస్తు ఎక్కించిన్రు. సందేళ మొగోళ్లు గాలికి డాబా మీద కూసుంటరు. మా సహన్ అంత కనవడ్తది. అందుకని పొద్దు వాలినంక అసర్ నమాజ్ కాంగనే సహన్ మీద చాదర్ గుంజుతం. పొద్దెక్కినంక తీస్తం."

గ్లాసు కింద పెట్టాను. బీరపువ్వు పొద్దున పూసేది కాదు. సాయంత్రం ఎండ చల్లబడ్డాక విచ్చుకుంటుంది, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. పుప్పొడి మోసే పురుగులన్నీ ఆ సందెవేళలోనే తిరుగుతాయి. సరిగ్గా ఆ పువ్వు కళ్లు తెరిచే సమయానికి ఈ ఇంట్లో దుప్పటి కప్పేస్తున్నారు. పగలంతా ఎండ తగులుతోంది కనుక తీగకు లోటు లేదు. పొద్దున తేనెటీగలు పుదీనా మీదికి వస్తున్నాయి కనుక ఆపా చెప్పిన జవాబులోనూ అబద్ధం లేదు. నేను పగటి ప్రశ్నలే అడిగాను, పగటి జవాబులే వచ్చాయి.

నేలది తప్పు కాదని, ఆపా చేతిది అసలే కాదని గట్టిగా చెప్పాను, పరదా అవతలికి వినబడాలనే. చాదర్ తీసేయమని చెప్పలేదు. అది నా ఉద్యోగంలో భాగం కాదు, చెప్పినా జరిగేది కాదు. దానికి విరుగుడు చేత్తో పుప్పొడి అద్దడం. సాయంత్రం చాదర్ లాగాక ఆడవాళ్లు ఎలాగూ సహన్‌లోనే ఉంటారు, పువ్వూ అప్పుడే విచ్చుకుంటుంది.

చేసే పని తేలికే, చెప్పడమే కష్టమైంది. నాకు అప్పటికి పెళ్లి కాలేదు. పరదా వెనుక పరాయి ఆడవాళ్లు, పక్కన తమ్ముడు. మగపువ్వు, ఆడపువ్వు అనే మాటలు కాలేజీలో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి, అక్కడ నోరు పెగల్లేదు. పిందె ఉన్న పువ్వు, పిందె లేని పువ్వు అంటూ, దీని రేకలు తుంచి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని దాని నడుమ మెల్లగా తాకించాలంటూ నానా తంటాలు పడ్డాను. రహమత్ భాయ్ గోడకు ఆనించిన రేకుల వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆపాయే నా మీద జాలి తలచింది.

"సమజైంది భాయ్‌సాబ్. ఒకటి దుల్హా, ఒకటి దుల్హన్. పరదా మనమే గట్టినం గాబట్టి షాదీ గూడ మనమే జెయ్యాలె."

లోపల ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ రోజుల్లో నేను విన్న వివరణల్లో అంత తేలికైనది మరొకటి లేదు. తర్వాతి శిక్షణ తరగతుల్లో కొన్నిచోట్ల దాన్నే వాడుకున్నాను, మా అధికారి గారు లేని చోట.

తర్వాత వారం తిరక్కుండానే పిందెలు రాలడం ఆగింది. వినాయక చవితి దాటేసరికి కాయలు పందిరి కింద వేలాడుతున్నాయని రహమత్ భాయే ఆఫీసుకు వచ్చి చెప్పాడు. సంతోషంగా చెప్పాడని అనలేను. ఆయనకు కావలసిన మాట నేను ఇవ్వలేదు. ఖాళీ చేయవలసిన గడువు ఆయన నెత్తి మీద అలాగే ఉంది. ఆ సంగతి నాకూ బాధగానే ఉండేది, కాయలు కాసినంత మాత్రాన గాజుల పని నడవదు కదా.

దసరా ముందు మళ్లీ వెళ్లాను. తలుపు తీయగానే లక్క కాగిన వాసన గుప్పున తగిలింది. దేవిడీలో బొగ్గుల కుంపటి ముందు ఇద్దరు కారీగర్లు గాజులు తిప్పుతున్నారు. గోడకు ఆనించిన రేకులు లేవు, వీధి తలుపు మీదికి చిన్న చూరులా వేసేశారు. అతిథులను కూర్చోబెట్టే గదిని కార్ఖానా చేశాడు రహమత్ భాయ్. పాతబస్తీలో ఒక కుటుంబానికి ఇంటికొచ్చినవాణ్ణి కూర్చోబెట్టే చోటు లేకపోవడం చిన్న విషయం కాదు. ఎందుకిలా చేశారని అడిగాను.

"మెహమాన్లు ఎప్పుడో ఒకపారి వస్తరు సార్. ఆపా దినాం ఉంటది" అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడి, తమరికి కుర్చీ వేసే జాగా లేకుండా పోయిందని మన్నించమన్నాడు.

నా కుర్చీ పోయినందుకు ఉద్యోగంలో సంతోషించింది ఆ ఒక్కసారే. వీధి అరుగు మీద కూర్చున్నాను. పరదా అక్కడికి దూరం, ఇక గొంతు వినబడదు. కాసేపటికి కారీగర్ల మధ్య నుంచి రహమత్ భాయ్ పళ్లెం పట్టుకొచ్చాడు. అదే అల్లిక గుడ్డ. తీస్తే నాలుగు లేత బీరకాయలు, కడిగి తుడిచినవి, తినేవి కదా. వాటి పక్కన విడిగా ఒక ఆకు ఉంది. అది కడగలేదు. దాని మీద తెల్లటి బూడిద చల్లినట్టు తెగులు పొడి, ఒక అంచున మట్టి మరక కూడా ఉన్నాయి.

"వచ్చే వానకాలం పందిరి ఇంక పెద్దగ ఏస్తదట. ఆకే పరదా అయితదట, చాదర్ పని లేకుంట. గదట్లుంచి, ముందు ఈ తెల్లదేందో అడగమన్నది" అన్నాడు.

బూడిద తెగులు, చలి మొదలైతే వస్తుంది. కింది ముదురాకులు తుంచేసి, తీగకు గాలి ఆడనిమ్మని, ఆకుల మీద నీళ్లు పడకుండా చూడమని చెప్పి పంపాను.

నాకు మరుసటి ఏడు బదిలీ అయింది. ద్రాక్ష తోటలూ చూశాను, మామిడి తోటలూ చూశాను, డిప్యూటీ డైరెక్టరుగా పదవీ విరమణ చేశాను. కొత్తగా చేరిన సహాయకులకు పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఒక నియమం రాయించేవాణ్ణి. ఇంటి తోటలో మొక్క కాయకపోతే ఎండ, నీరు, ఎరువు, తెగులు వరుసగా అడగండి. అన్నిటికీ మంచి జవాబులే వస్తే, ఆ ఇంట్లో సాయంత్రం ఏం చేస్తారో అడగండి. అది తెలిసే వరకు నేలను గానీ, పెంచే చేతిని గానీ తప్పు పట్టకండి.